దరువుకు ఒక చెవి

ఆరో నంబరు బొగ్గుబాయి పైకప్పు పదకొండు రోజులుగా ఒకటే మాట చెబుతోంది: గట్టి. పొద్దున గట్టి, మధ్యాహ్నం గట్టి, సాయంత్రమూ గట్టే. వినికిడి గదిలో కూర్చుని ఆ మాటను కాగితం మీద అచ్చు తీసి, సంతకం పెట్టి, మేనేజరు గారి బల్ల మీదికి చేర్చడం స్వరూప ఉద్యోగం. పదకొండు రోజులూ చేర్చింది. పన్నెండో రోజు, శనివారం మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చుని తండ్రి ఓదెలుతో ఆ సంగతి ఊరికే అనేసింది. ఆ పూట అనకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు జలదరిస్తుంది.

"పదకొండు దినాలు ఒక్క తీరుగనే ఉన్నదా?" అన్నాడు ఓదెలు, ముద్దను నోటి దాకా తెచ్చి ఆపి.

"మంచిదే గద బాపు. కప్పు గట్టిగుంటే మనకేం బాధ?"

"ఏం మంచిది బిడ్డా! ముప్పై ఏండ్లు బాయిల తిరిగిన. కప్పు ఒకనాడు పలికినట్టు ఇంకోనాడు పలుకదు. ఎండకాలం ఒక తీరు, వానకాలం ఒక తీరు. నిన్నటి గట్టికీ ఇయ్యాల్టి గట్టికీ తేడా ఉంటది. అది కప్పు మాట కాదు. ఆడ వినేటోడెవడో నిద్రపోయిండు."

"ముందు నువ్వు తిను, అన్నం సల్లారుతాంది" అని తల్లి రాజవ్వ కసిరింది. ఎడమ పక్కన కూర్చుని కసిరింది కాబట్టి ఓదెలుకు ఆ కసురు వినపడలేదు. ఆయన ఎడమ చెవి ముప్పై మూడేళ్ళ కిందట బ్లాస్టింగులో పోయింది. ఇంట్లో అందరికీ చెప్పిన మాట అదే.

ఓదెలు సర్దారుగా పనిచేసి దిగిపోయినవాడు. షిఫ్టు మొదలవక ముందు, అందరికంటే ముందు తనొక్కడే చీకట్లోకి నడిచి, పొడవాటి కర్రతో కప్పును కొట్టి వినడం సర్దారు పని. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల వదులైన రాయి డొల్లగా, నీరసంగా పలుకుతుంది. దాన్నే బోలు అంటారు. బోలు కింద మనిషిని నిలబెట్టకూడదు. అంతే చదువు, కానీ ఆ చదువు చెవికెక్కడానికి పదేళ్ళు పడుతుంది.

తర్వాత తర్వాత మెషీన్లు దిగి బొగ్గును ఎంత ఎత్తున కోశాయంటే, ఇద్దరు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడినా కర్ర కప్పుకు అందదు. అప్పుడొచ్చింది వకుళ గారు. భౌతికశాస్త్రం చదువుకున్న మనిషి. నెత్తి మీద టోపీ, చేతిలో టిఫిను డబ్బా, కిందికి దిగితే మూడు పూటల దాకా పైకి రాదు. ఆవిడ కప్పులో నలభై ఇనుప మేకులు దిగ్గొట్టించింది. రాయి లోపల వెంట్రుకంత పగులు కదిలినా ఆ చప్పుడు మేకు పట్టుకుంటుంది, తీగ గుండా పైన కంప్యూటరుకు పంపుతుంది. ఆ చప్పుళ్ళ కోసం ఆవిడ ఒక ప్రోగ్రామింగ్ భాషనే కనిపెట్టింది. పేరు దరువు. మామూలు భాషల్లో మనిషి రాస్తే మెషీను చదువుతుంది. దరువులో రాసేది మనిషి కాదు, కొండ. ఒక్కో పగులు చప్పుడూ ఒక్కో మాట. ఆ మాటలను వరసగా చదివి అర్థం చెప్పే ఇంటర్‌ప్రెటర్‌కు దుబాసీ అని పేరు పెట్టింది. దుబాసీ చివరికి మనకు చెప్పేది ఒకటే: గట్టి, లేదా బోలు. బోలు అయితే ఎన్ని గంటల్లో పడుతుందో కూడా చెబుతుంది. ముప్పై మూడేళ్ళలో ఆరో నంబరు బాయిలో కప్పు కింద ఒక్క మనిషి పోలేదు. మిగతా బాయిల వాళ్ళు మా బాయిని చూసి కుళ్ళుకునేవాళ్ళంటే నమ్మండి.

వకుళ గారు పోయి చాలా కాలమైంది. ఆవిడ కంప్యూటరు మాత్రం పన్నెండు రోజుల కిందటి దాకా బతికే ఉంది. ఒక పొద్దున వెనకనుంచి పొగ వదిలి, డిస్కుతో సహా మాడి చచ్చింది. హెడ్డాఫీసులో సోర్సు, అంటే వకుళ గారు రాసిన అసలు ప్రోగ్రాము, ఉంది కదా, వాళ్ళు కొత్త సర్వరు మీద దుబాసీని మళ్ళీ కంపైల్ చేసి పంపారు. "రెండే రెండు నిమిషాలు పట్టింది మేడం! పాతదాని మీద ఎన్ని రోజులు పట్టేదో" అని ఫోనులో నవ్వారు కూడా. స్వరూప కూడా నవ్వింది.

ఆ రెండు నిమిషాలే ఇప్పుడు ఆమె గొంతులో అన్నం అడ్డం పడేలా చేశాయి. చెయ్యి కడుక్కుని ఆఫీసుకు పరుగెత్తింది.

కంపైల్ చేసినప్పటి చిట్టా తెరిచింది. వరసలు, వరసలు, అన్నీ సవ్యంగానే ఉన్నాయి. చివర ఒక మెట్టు ఉంది, దాని పేరు 'చెవి'. ఆ మెట్టు దగ్గర దుబాసీ ఏదో పరికరం అడిగింది. హెడ్డాఫీసులో ఆ పరికరం లేదు. అదేదో పరీక్షలే అనుకుని ఆ మెట్టును దాటేయమని చెప్పారు. దుబాసీ మారు మాట్లాడకుండా దాటేసింది. చెవి లేని దుబాసీకి ఏమీ వినపడదు. వినపడనిదంతా దాని లెక్కలో గట్టి.

స్వరూప సోర్సులో ఆ మెట్టు రాసిన ఫైలు తెరిచింది. కోడు పైన వకుళ గారు తెలుగులో నాలుగు మాటలు రాసి పెట్టింది.

"ఈ మెట్టు దాటకూడదు. దుబాసీకి చెవిని మనిషి ఇవ్వాలి. ధ్వని విన్నప్పుడు మన చెవి తనూ ఒక సన్నని ధ్వని చేస్తుంది. ఏళ్ళ తరబడి రాయిని కొట్టి విన్న చెవి గట్టికి ఒక తీరుగా, బోలుకు ఒక తీరుగా మారుపలుకుతుంది. మనిషికి తెలియకముందే చెవికి తెలుస్తుంది. నాలుగు వేల చప్పుళ్ళకు ఆ మారుపలుకు రాసుకుంటేనే దుబాసీకి వినడం వస్తుంది. రాసుకున్నాక ఆ చెవి ఇక వినదు. ఈ సంగతి నాకు ముందు తెలియదు. సర్దారు ఓదెలు గారి ఎడమ చెవి తీసుకున్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రెండోది అడిగే హక్కు ఎవరికీ లేదు."

స్వరూప ఆ మాటలను మూడుసార్లు చదివింది. బ్లాస్టింగులో పోయిందట, బ్లాస్టింగులో! ఇన్నేళ్ళూ ఇంటిల్లిపాదీ ఆయన కుడి పక్కన చేరి అరిచి మాట్లాడారు. పండగపూట అల్లుళ్ళు మరిచిపోయి ఎడమ పక్కన నిలబడి ఏదో అంటే ఆయన తలూపి నవ్వేవాడు. అందరూ ముసలాయన చాదస్తమనుకున్నారు. ఆమెకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందొచ్చిందో తెలియలేదు.

హెడ్డాఫీసు వాళ్ళను తిట్టీ లాభం లేదు. సోర్సంతా భద్రంగా దాచారు పాపం, ఒక్క అక్షరం పోలేదు. ఓదెలు చెవి ఇచ్చిన నాలుగు వేల మారుపలుకుల ఫైలు మాత్రం పాత డిస్కులో ఉండి, దాంతో పాటే మాడిపోయింది. దానికి నకలు లేదు. చెవి కూడా సోర్సేనని ఎవరికీ తోచలేదు.

మేనేజరు సుదర్శన్ గారు చెడ్డవాడు కాదు. కుర్చీలో వెనక్కి వాలి అంతా విన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"స్వరూప గారూ, నేను మిమ్మల్ని నమ్ముతాను. కానీ కాగితం మీద గట్టి అని ఉంది, దాని కింద మీ సంతకమే ఉంది. ఓదెలు గారి అనుమానం రాసి షిఫ్టు ఆపలేను. రేపు ఎలాగూ ఆదివారం, కిందికి ఎవరూ దిగరు. సోమవారం పొద్దున ఏడింటికి ఏడో గ్యాలరీ సొరంగంలోకి అరవై రెండు మంది దిగుతారు. ఈలోపు దుబాసీ చేత నిజం చెప్పించండి. బోలు అంటే మరుక్షణం సంతకం పెడతాను."

"సరే సార్" అంది స్వరూప. దుబాసీకి చెవి ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఆయనకు చెప్పలేదు.

పాత కంప్యూటరు కావాలి. అదీ ఒక తలనొప్పే. చెవి చేసే మారుపలుకు ఎంత సన్ననిదంటే, కొత్త మెషీన్లు లెక్క మధ్యలో అంకెల కొసలు కత్తిరించినప్పుడు అది ఆ కొసలతో పాటే రాలిపోతుంది. ఆనాటి చిప్పులు ఆ కొసలను తమ కడుపులో దాచుకుని లెక్క చివరిదాకా మోసేవి. వకుళ గారి కంప్యూటరుతో పాటు కొన్నది ఇంకొకటి ఉండాలి. ఎక్కడుందా అని ఆలోచిస్తే లాంపు గది గుర్తొచ్చింది.

ఉంది. టోపీ లైట్లు ఛార్జింగు పెట్టే అరల పక్కన, మైసమ్మ పటం కింద పీటలాగా ఉంది. హాజరు లెక్కకు పనికిరాకుండా పోయాక గుమస్తా ఐలయ్య దాని మీద పసుపు బట్ట పరిచి అమ్మవారిని ఎక్కించాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ దానికి దండం పెట్టుకునే దిగుతాడు. ప్రతి దసరాకూ దానికి బొట్లు పెడతారు. ముందు వైపు ఫ్లాపీ పెట్టే సందులో ఏళ్ళనాటి కుంకుమ గడ్డకట్టి ఉంది.

"అమ్మవారిని కదిలిస్తవా? సోమారం షిఫ్టోళ్ళు నన్ను బతకనిస్తరా?" ఐలయ్య కళ్ళు తేలేశాడు.

"సోమారం షిఫ్టోళ్ళు బతకాల్ననే అడుగుతున్న అన్నా."

ఐలయ్య ఆమె ముఖం చూశాడు. ఇంకేమీ అడగలేదు. కొబ్బరికాయ కొట్టి, పటాన్ని రెండు చేతులా ఎత్తి అరమీద పెట్టి, కంప్యూటరును తనే భుజానికెత్తుకుని వినికిడి గదికి నడిచాడు.

మూత తీసి బ్రష్షుతో పసుపూ కుంకుమా దులిపేసరికి స్వరూప చేతులు పెళ్ళికూతురి చేతుల్లా అయ్యాయి. చచ్చిన కంప్యూటరులోంచి వకుళ గారి వినికిడి కార్డు ఊడదీసి దీనిలో గుచ్చింది. మీట నొక్కింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత లోపల డిస్కు గొంతు సవరించుకుంది, ఫ్యాను లేచింది, బొద్దు తెర మీద ఆకుపచ్చ అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. స్వరూప అనుకోకుండా దండం పెట్టింది.

కంపైల్ మొదలుపెడితే మొదటి వరసలోనే మొరాయించింది. ఈ ఫైళ్ళన్నీ భవిష్యత్తులో పుట్టినవి, వీటిని నేను ముట్టను అంటుంది! చూస్తే గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఆ కంప్యూటరు లెక్కలో ఈరోజు 1980 జనవరి ఒకటో తారీకు. దాని లెక్కన వకుళ గారు ఇంకా దరువు కనిపెట్టలేదు, స్వరూప ఇంకా పుట్టలేదు, ఏడో గ్యాలరీ అనేదే లేదు. స్వరూప నేటి తేదీ టైపు చేసి మళ్ళీ నడిపింది. ఈసారి కదిలింది. ఒక వరస, ఇంకో వరస. మెమరీ చాలక ఆగుతుంది, డిస్కును గీకుతుంది, మళ్ళీ నడుస్తుంది. కొత్త సర్వరు రెండు నిమిషాల్లో మింగిన సోర్సును ఈ పాతది మెతుకు మెతుకుగా నమిలింది. మూత తీసిన పెట్టెకు టేబుల్ ఫ్యాను పెట్టి, తాళం వేసి ఇంటికి పోయింది.

ఇంట్లో ఏమీ చెప్పకూడదనుకుంది. కానీ పళ్ళెం ముందు కూర్చున్న బాపు ముఖం చూడగానే ఆగలేకపోయింది.

"బ్లాస్టింగుల పోయిందని ఎందుకు అబద్ధమాడినవ్ బాపు?"

ఓదెలు పళ్ళెం పక్కకు జరిపాడు. "అప్పుడు నిజం జెప్తే పాపం ఆ వకుళమ్మను అందరు తిడుదురు. ఆమె నా కాళ్ళ మీద పడి ఏడ్సింది బిడ్డా. అంత చదువుకున్న ఆడిమనిషి. ఒక చెవికి వెయ్యి ప్రాణాలాయె, ఏడుసుడెందుకమ్మా అన్న." ఒక గుక్క నీళ్ళు తాగాడు. "దుబాసీకి మల్ల చెవి గావాలె, అంతే గద? కుడిది ఉన్నది. పొద్దుగాల పోదాం."

"పోము."

"అరవై రెండు మంది ప్రాణాలు బిడ్డా."

"నువ్వు అవ్వ మాట గూడ వినకుండ అయిపోతవు బాపు! మనుమరాలు ఫోను జేస్తె ఏమంటవు? నావల్ల గాదు."

రాజవ్వ వంటింటి గడపలో నిలబడి అంతా వింది. ముప్పై మూడేళ్ళ అబద్ధం ఆమెకూ ఇప్పుడే తెలిసింది. "ఇన్నేండ్లు ఆ బ్లాస్టింగును నేను తిట్టిన తిట్లన్ని గాలికే పోయినయన్నమాట" అంది. నవ్వబోయింది, నవ్వు రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది.

ఆదివారం పొద్దున స్వరూప వెళ్ళేసరికి కంపైల్ ముగిసి, తెర మీద ఒకే ఒక వరస ఎదురుచూస్తోంది: చెవి కావాలి. ఆ వరస ముందు కుర్చీలో ఓదెలు కూర్చుని ఉన్నాడు. ఐలయ్య బండి మీద వచ్చి, అతని దగ్గరున్న మారుతాళంతో తలుపు తీయించుకుని ఎప్పుడు కూర్చున్నాడో ఏమో. గది అరలో ఉన్న వకుళ గారి రేకు డబ్బాలోంచి, కార్డుకు తగిలించే ఇత్తడి బిళ్ళ తీసి, కుడి చెవి వెనక ఎముకకు అతికించుకుని, సన్నని గొట్టం చెవిలో పెట్టుకున్నాడు. ఆ పని ఆయన చేతులు మరిచిపోలేదు.

"నడిపియ్యి" అన్నాడు.

"బాపు, నా మాట విను..."

"నేను వినేది ఇంక కొంచమే. నడిపియ్యి బిడ్డా."

ముందు ఇరవై చప్పుళ్ళు ఊరికే పరీక్షకు. వాటివల్ల చెవికి నష్టం లేదని వకుళ గారు రాసింది. స్వరూప పళ్ళు బిగించి మీట నొక్కింది. ఓదెలు కళ్ళు మూసుకున్నాడు. "గట్టి" అన్నాడు. "గట్టి. బోలు. గట్టి..." ఇరవైకి ఇరవై సరిగ్గా చెప్పాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి! స్వరూప నోరు వెళ్ళబెట్టింది. తెర మీద మాత్రం గీత కదలలేదు. మారుపలుకు: లేదు. మారుపలుకు: లేదు. ఇరవైసార్లూ అదే.

ఆయన వింటున్నాడు. ఆయనకు తెలుస్తోంది. కానీ ఆ చెవి ముసలిదైంది, తిరిగి పలకడం మానేసింది. ఓదెలు ఆ తెర వంక చూసి, బిళ్ళ ఊడదీసి, ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నాడు. ఆయన అంత చిన్నగా ముడుచుకుని కూర్చోవడం స్వరూప ఎన్నడూ చూడలేదు.

"పనికి రాలె" అన్నాడు. "ఇంకో సర్దారు ఎవడున్నడు? నాతోటోళ్ళు అందరు పాయె. ఇప్పటోళ్ళు కర్ర పట్టనే లేదు."

అప్పుడు స్వరూపకు ఒక సంగతి తట్టింది. చిన్నప్పుడు రోజూ సాయంత్రం బాపు ఇంటికొచ్చి, స్నానం కూడా చేయకుండా, బొగ్గు ముఖంతోనే ఆమెను పిలిచేవాడు. వేలి కణుపుతో నీళ్ళ కుండను కొట్టేవాడు, గోడను కొట్టేవాడు, తలుపును, రోటిని, బాయి నుంచి జేబులో తెచ్చిన రాళ్ళను కొట్టేవాడు. "గట్టా, బోలా?" ఆమె చెప్పాలి. సరిగ్గా చెబితే బెల్లం ముక్క. పదకొండేళ్ళ వయసు నుంచి ఆ ఆట ఇంకా ఎక్కువైంది, ఇంట్లో కొట్టని వస్తువు లేదు. పెళ్ళయ్యేదాకా సాగింది.

"బాపు, ఆ ఆట ఎందుకాడించినవ్ నాతోని?"

ఓదెలు తలెత్తలేదు. "ఒక్క చెవితోని, కర్ర అందే పాత గ్యాలరీలల్లకు దిగుడంటే నాకు భయమయ్యేది. సక్కగ వింటున్ననో లేదో ఎట్ల తెల్వాలె? నా మాట, నీ మాట ఒకటైతే తెల్లారి ధైర్యంగ దిగెటోన్ని."

స్వరూప ఆయన ఒళ్ళోంచి బిళ్ళ తీసుకుంది.

"నువ్వు జెయ్యకు!" అరిచాడు ఓదెలు. కుర్చీలోంచి లేవబోయి తూలాడు. "నీకు నలభై నాలుగేండ్లే! ముందు బతుకంతా ఉన్నది!"

"అప్పుడు నీకు నలభై మూడు. నువ్వు నన్నడిగినవా? అవ్వనడిగినవా?"

ఆయన మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

ఇరవై చప్పుళ్ళు నడిపింది. మొదటి చప్పుడుకే తెర మీద గీత లేచింది, వెంట్రుకంత, వణుకుతూ. రెండోదానికి ఇంకో తీరుగా లేచింది. బోలుకు వంగింది, గట్టికి నిలబడింది. ఆమె నోరు తెరిచి చెప్పకముందే చెవి చెప్పేసింది. బెల్లం ముక్కల కోసం నేర్చిన చదువు ముప్పై ఏళ్ళు ఎముకల వెనక చెక్కుచెదరకుండా ఉంది. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఆ గీతనే చూశారు.

"ఏ చెవి?" అన్నాడు ఓదెలు చివరికి.

"కుడిది." ఆమె ఆలోచించినట్టే లేదు.

పొద్దున పదింటికి మొదలైంది. ఏడో గ్యాలరీ కప్పులోని నలభై మేకులూ ఆ నిమిషాన ఏం వింటున్నాయో అదే ఆమె ఎముకలోకి వచ్చింది. మొదటి వంద చప్పుళ్ళు చప్పుళ్ళలాగే ఉన్నాయి. తర్వాత ఆమెకు వాటి మధ్య సందులు కూడా వినపడసాగాయి. ఆ రాయి ఇరవై ఎనిమిది కోట్ల ఏళ్ళ కిందట ఏటి ఇసుక. దాని కింది బొగ్గు అప్పటి అడవి. మనుషులే కాదు, పూలు కూడా ఇంకా పుట్టని అడవి. దాని మీద ఇసుక పడి, ఆ ఇసుక మీద ఇంకో ఇసుక పడి, అంత బరువూ అన్నేళ్ళు కదలకుండా ఉండి, ఇప్పుడు మనం కిందనుంచి అడవిని తవ్వేస్తే మెల్లగా సర్దుకుంటోంది. కోపం లేదు, పగ లేదు. ఎవరినో చంపాలని లేదు. నిద్రలో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒత్తిగిలుతోంది. ఆ ఒత్తిగిలే దారిలో మనుషులు ఉన్నారని దానికి తెలియదు, అంతే. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి. భయం వల్ల కాదు. ఇంత పెద్దది ఒకటి ఇన్నాళ్ళూ కాళ్ళ కింద మాట్లాడుతూ ఉంటే తను అచ్చు కాగితాల మీద సంతకాలు పెడుతూ కూర్చున్నందుకు.

రెండు వేల చప్పుళ్ళ దగ్గర ఆమెకు తెలిసిపోయింది. కుండలో నీళ్ళు నిండుతుంటే చప్పుడు మారుతుంది చూశారూ, అలాగే మారుతోంది, కాకపోతే తిరగేసి. కప్పు లోపల ఖాళీ పెరుగుతోంది.

"బోలు, బాపు" అంది, కళ్ళు తెరవకుండా. "మొత్తం బోలు."

ఓదెలు ఆమె ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. మధ్యాహ్నం రాజవ్వ అన్నం తెచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయి, గిన్నె చేతిలో పట్టుకునే సాయంత్రం దాకా ఉంది. మూడు వేలు దాటాక చప్పుళ్ళు దూరమవసాగాయి. మూడువేల తొమ్మిది వందల దగ్గర కుడి వైపు టేబుల్ ఫ్యాను ఆగిపోయిందనుకుని స్వరూప కళ్ళు తెరిచి చూసింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఐదింటికి దుబాసీ పూర్తయింది. కంప్యూటరు ఒక్క క్షణం డిస్కు గీకి, ఊరుకుని, ఒక వరస రాసింది.

బోలు. పంతొమ్మిది గంటలు.

సుదర్శన్ గారు ఇంటి దగ్గర లుంగీ మీదే బయటికి వచ్చి కాగితం చదివాడు. చదివి, వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టి, గేటు గోడ మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. తర్వాత ఆమె కుడి పక్కకు వచ్చి ఏదో అన్నాడు. ఆమె పలకలేదు. మళ్ళీ అన్నాడు. పక్కనే ఉన్న ఓదెలు తన చెవిని వేలితో చూపించి, తర్వాత కూతురి చెవిని చూపించాడు. సుదర్శన్ గారు కాసేపటికి అర్థం చేసుకున్నాడు. అన్న మాటను మళ్ళీ అనలేకపోయాడు.

సోమవారం పొద్దున అరవై రెండు మంది బాయి మూతి దగ్గర టోపీలు పెట్టుకుని నిలబడి ఒకటే సణుగుడు. పాతసామాను కంప్యూటరేదో చెప్పిందట, షిఫ్టు ఆపారట, మైసమ్మను కూడా కదిలించారట! కొందరు పేకలు తీశారు. పదకొండున్నర అయింది, ఏమీ లేదు. పన్నెండయింది. "పోనీ, అన్నాలన్న తిందాం" అని ఎవరో డబ్బా మూత తీశారు.

పన్నెండు దాటి పది నిమిషాలకు నేల ఒకసారి కిందికి దిగి మళ్ళీ పైకి వచ్చింది. చప్పుడు తర్వాత వచ్చింది. బాయి మూతిలోంచి గాలి నల్లగా తన్నుకొచ్చి టోపీలు ఎగరగొట్టింది. లాంపు గదిలో అరలమీది లైట్లన్నీ గలగలలాడాయి. పేకలు నేల మీదే ఉన్నాయి. ఒకడు నోట్లో ముద్దతో అలాగే కూర్చుండిపోయాడు. అరవై రెండు మందీ ఒకళ్ళనొకళ్ళు లెక్కపెట్టుకున్నట్టు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే వినికిడి గది వైపు తిరిగారు. ఐలయ్య పసుపు బట్ట తెచ్చి ఆ కంప్యూటరు మీద కప్పి, దాని ముందు మళ్ళీ కొబ్బరికాయ కొట్టాడు. ఈసారి పటం పెట్టలేదు.

స్వరూప ఆ వారమే దుబాసీని నాలుగు చోట్ల నకలు తీసింది, చెవితో సహా. వకుళ గారి మాటల కింద తనూ ఒక వరస చేర్చింది: "ఇది కూడా సోర్సే. దీన్ని పారేయొద్దు."

కప్పు కూలిన సోమవారం సాయంత్రమే, కంపెనీ క్వార్టరు ముందు సిమెంటు బెంచీ మీద ఓదెలు కూర్చున్నాడు. ముప్పై మూడేళ్ళుగా ఎప్పుడూ ఎడమ చివరనే కూర్చుంటాడు, మనుషులు కుడి పక్కకే రావాలని. స్వరూప వచ్చి ఆయన కుడి పక్కన కూర్చుంది. వినపడే ఆమె ఎడమ చెవి ఆయన వైపు, వినపడే ఆయన కుడి చెవి ఆమె వైపు. ఓదెలు ఏదో చెప్పబోయి, అలవాటు కొద్దీ గొంతు పెంచబోయి, ఆగాడు. ఆమెను చూశాడు. తన పక్క చూసుకున్నాడు. నిన్న పొద్దున 'కుడిది' అని అంత తొందరగా ఎందుకు అన్నదో అప్పుడు తెలిసింది ఆయనకు. చాలాసేపు ముఖం తిప్పుకుని రోడ్డు వంక చూశాడు.

తర్వాత కండువాతో కళ్ళు తుడుచుకుని, వేలి కణుపుతో బెంచీని రెండుసార్లు కొట్టాడు.

"గట్టా, బోలా?" అన్నాడు. అరవలేదు, మామూలుగానే అడిగాడు.

"గట్టి, బాపు" అంది స్వరూప.